టెస్లా షేరు: విశాఖ మదుపరి కొనదగిన సరుకేనా?

విశాఖపట్నంలో టెస్లా షోరూం లేదు. 2025 జులైలో ముంబయిలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్సులోనూ, మరుసటి నెలలో ఢిల్లీ ఏరోసిటీలోనూ తెరిచిన దుకాణాల వంటి చోట్లకు వెళితే తప్ప మన ఊరివారికి ఆ కారు తలుపు తీసి చూసే అవకాశం లేదు. అంత దూరం వెళ్ళి చూసినా, 59.89 లక్షల రూపాయలతో మొదలైన మోడల్ వై ధర విన్నాక చాలామంది ఆ తలుపును మర్యాదగా మూసి వెనక్కి వస్తారు. అయితే ఆ కారును తయారుచేసే కంపెనీలో వాటాదారు కావడానికి ఇంత ప్రయాణమూ అక్కరలేదు, ఇంత సొమ్మూ అక్కరలేదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, విదేశీ షేర్లు కొనిపెట్టే ఒక యాప్ ఉంటే చాలు. ఎంవీపీ కాలనీలో రాత్రి భోజనం ముగించుకుని, అమెరికా మార్కెట్ తెరిచే వేళకు ఫోను చేత పట్టుకుని, ఒక షేరులో పదో వంతునైనా కొనవచ్చు. కారు అందనంత దూరాన ఉండి, షేరు మాత్రం అరచేతిలోకి రావడం వల్ల ఆ రెండూ ఒకటేనన్న భ్రమ సులువుగా కలుగుతుంది. ఈ సమీక్ష కారు గురించి కాదు. షేరునే ఒక సరుకుగా తీసుకుని, దాని ధర, పనితనం, అది మన చేతికి చేరే దారి, ఆ దారిలో పడే ఖర్చు, కొన్న తరువాత మీద పడే బాధ్యతలు ఎలాంటివో చూడడమే ఇక్కడి పని.

ద్వారకానగర్ ప్రాంతంలో పన్నుల లెక్కలు చూసే వృత్తిలో ఉన్నందున ఈ ప్రశ్న నా దగ్గరకు తరచుగా వస్తూ ఉంటుంది. అడిగేవారిలో ఉక్కు కర్మాగారంలో ఇటీవల స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, చేతికందిన మొత్తాన్ని ఎక్కడ ఉంచాలో తేల్చుకోలేని పెద్దలు ఉన్నారు. ఋషికొండ, మధురవాడ వైపు ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ నెలనెలా కొంత విదేశీ షేర్లలో వేయాలనుకునే యువకులూ ఉన్నారు. అందరికంటే ఎక్కువగా కనిపించేది పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు. "మా అబ్బాయి ఆ కారే నడుపుతున్నాడండీ, షేరు కూడా కొనమంటున్నాడు, కొనమంటారా?" అని వారు అడిగినప్పుడు నేను ముందు ఆ అబ్బాయి సలహాలోని రెండు భాగాలను విడదీస్తాను. కారు బాగుందన్నది అతని అనుభవం. దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. షేరు కొనమన్నది మాత్రం భవిష్యత్తు గురించి అతని అంచనా; దానికి కారు నడిపిన అనుభవం సాక్ష్యం కాజాలదు.

ముందుగా పనితనం. టెస్లా 2010 జూన్ 29న షేరు 17 డాలర్లకు ప్రజల ముందుకు వచ్చింది. 2020 ఆగస్టులో ఒక్కో షేరును అయిదుగానూ, 2022 ఆగస్టులో మూడుగానూ విభజించారు కాబట్టి ఆనాటి ఒక షేరు ఇప్పుడు పదిహేను షేర్లయింది. అంటే నేటి లెక్కలో తొలి ధర డాలరు పదమూడు సెంట్లు మాత్రమే. 2024 డిసెంబరు 17న అదే షేరు దాదాపు 480 డాలర్ల దగ్గర ముగిసింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించేవారు చెప్పేది అబద్ధం కాదు, కానీ ఆ రెండింటి మధ్య దారి ఎలా ఉందో వారు చెప్పరు. 2021 నవంబరులో సుమారు 410 డాలర్ల దగ్గర ముగిసిన షేరు, 2023 జనవరి మొదటి వారానికి 108 డాలర్లకు పడిపోయింది. అంటే శిఖరం మీద లక్ష రూపాయలు పెట్టినవారికి పద్నాలుగు నెలల్లో డాలర్ల లెక్కన మిగిలింది పాతిక వేల పైచిలుకు. 2023లో అది తిరిగి రెట్టింపయింది, 2024 ఏప్రిల్‌లో 140 డాలర్ల ప్రాంతానికి దిగింది, అమెరికా అధ్యక్ష ఎన్నికల తరువాత ఎగిసి పాత శిఖరాన్ని దాటింది. 2025లో ఈ ఊపు మరింత పెరిగింది: మార్చి 10న ఒక్కరోజులో 15 శాతం పడింది, ఏప్రిల్ 9న ఒక్కరోజులో 22 శాతానికి పైగా పెరిగింది, జూన్ 5న టెస్లా అధినేత ఎలాన్ మస్క్‌కూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కూ బహిరంగంగా మాటల యుద్ధం జరిగిన రోజున 14 శాతం పడి, సుమారు 15,000 కోట్ల డాలర్ల మార్కెట్ విలువను పోగొట్టుకుంది. ఆ రోజున ఏ కర్మాగారమూ మూతపడలేదు, ఏ కారూ వెనక్కి రాలేదు.

శిఖరం మీద కొని, అమ్మకుండా ఓపిక పట్టినవారి సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే "పట్టుకుని కూర్చుంటే ఎప్పటికైనా వస్తుంది" అన్న మాట మన దగ్గర చాలా వినిపిస్తుంది. 2021 నవంబరు నాటి ముగింపు ధరను ఈ షేరు మళ్ళీ దాటింది 2024 డిసెంబరులో, అంటే మూడేళ్ళ తరువాత. డాలర్లలో చూస్తే ఆ మూడేళ్ళకు లాభం సున్నా. ఆ కాలంలో డాలరు విలువ డెబ్భై నాలుగు రూపాయల ప్రాంతం నుంచి ఎనభై నాలుగు దాటింది గనుక రూపాయల్లో 14 శాతం దాకా పెరుగుదల కనిపిస్తుంది. అదే సొమ్మును ఆనాటి 5 శాతం పైచిలుకు వడ్డీకి మన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా మూడేళ్ళలో అంతకంటే కొంచెం ఎక్కువే వచ్చేది, మధ్యలో నాలుగింట మూడు వంతులు కరిగిపోవడాన్ని చూసే శిక్ష లేకుండా. కంపెనీ డివిడెండు ఇచ్చి ఉంటే ఎదురుచూసిన కాలానికి కొంత ప్రతిఫలం దక్కేది. టెస్లా తన చరిత్రలో ఇంతవరకు ఒక్క డివిడెండైనా ఇవ్వలేదు.

ఇక ధర. 2024 సంవత్సరం మొత్తానికి ఒక్కో షేరుకు కంపెనీ గడించిన లాభం 2.04 డాలర్లు. 480 డాలర్ల ధరను దానితో భాగిస్తే 235 వస్తుంది. లాభం అలాగే నిలిచిపోతే పెట్టిన సొమ్ము లాభాల రూపంలో తిరిగి రావడానికి 235 ఏళ్ళు పడుతుందన్నమాట. టయోటా వంటి పాత కంపెనీల షేర్లు సాధారణంగా ఏడాది లాభానికి పది రెట్ల చుట్టుపక్కల అమ్ముడవుతాయి. ఇంత తేడా ఎందుకంటే టెస్లా షేరు కొనేవారు ఈనాటి కార్ల వ్యాపారానికి వెల కట్టడం లేదు. డ్రైవరు లేని టాక్సీలు, మనిషి ఆకారంలోని రోబోలు రేపు తెచ్చిపెడతాయనుకుంటున్న లాభానికి ఈ రోజే డబ్బు చెల్లిస్తున్నారు.

ఇది మన ప్రాంతంవారికి కొత్త విద్య కాదు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. విమానం ఎగరడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ చుట్టుపక్కల ప్లాట్ల ధరలో ఆ విమానాశ్రయం వచ్చి కూర్చుంది. అలా ముందుగా కొన్నవారిలో బాగుపడినవారు ఉన్నారు, అందరికంటే ఆఖరున ఎక్కువ ధరకు కొని ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారూ ఉన్నారు. ఇద్దరూ నమ్మింది ఒకే కథను. ఒకరికి అది చవకగా దొరికింది, మరొకరు దానికి పూర్తి వెల చెల్లించారు. టెస్లా విషయంలో నన్ను ఆపేది కథ మీద అపనమ్మకం కాదు, దానికి అడుగుతున్న వెల. భోగాపురం ప్లాటుకు ఒక సౌకర్యం కూడా ఉంది: దాని ధర ప్రతి సాయంత్రం ఫోనులో ఎర్ర అంకెలతో కనిపించదు కాబట్టి యజమాని భయపడి అమ్ముకోడు.

ఆ వెల ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఏదో ఒకనాటికి టెస్లా కూడా స్థిరపడి, మంచి టెక్నాలజీ కంపెనీలకు దక్కే ముప్పై రెట్ల స్థాయికి వస్తుందనుకుందాం. అప్పుడు 480 డాలర్ల ధర నిలబడాలంటే షేరుకు 16 డాలర్ల లాభం రావాలి. సుమారు 320 కోట్ల షేర్లకు అది 5,000 కోట్ల డాలర్లు దాటుతుంది. 2024లో కంపెనీ గడించింది దాదాపు 710 కోట్ల డాలర్లు. అనుబంధ సంస్థలతో కలిసి ఏటా కోటికి పైగా వాహనాలు అమ్మే టయోటా సైతం 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో గడించింది 4.77 లక్షల కోట్ల యెన్లు, అంటే 3,100 కోట్ల డాలర్ల ప్రాంతం. కాబట్టి టెస్లా ఏడు రెట్లు ఎదిగి, టయోటాను కూడా చాలా వెనక్కి నెట్టిన తరువాత ఈ షేరు కొన్నవారికి దక్కేది పెట్టిన సొమ్ము చెక్కుచెదరకుండా ఉండడమే. లాభం కావాలంటే ఎదుగుదల అంతకు మించి ఉండాలి. ఈ లెక్కను నేను చెప్పినప్పుడు కొందరు యువకులు "అది కార్ల కంపెనీ కాదు సార్, ఏఐ కంపెనీ" అంటారు. కావచ్చు. కానీ ప్రస్తుతానికి దాని రాబడిలో సింహభాగం కార్లు అమ్మగా వచ్చిందే.

ఆ కార్ల వ్యాపారం ఎలా ఉందంటే, ఎదుగుతున్న కంపెనీకి ఉండవలసినట్టు లేదు. 2020లో దాదాపు 5 లక్షల కార్లు అప్పగించిన టెస్లా 2023లో 18.1 లక్షలకు చేరింది. అది నిజంగా అబ్బురమైన పెరుగుదల. దాన్ని చూసే మదుపరులు ఇంత వెల ఇవ్వడానికి సిద్ధపడ్డారు. 2024లో ఆ సంఖ్య 17.9 లక్షలకు తగ్గింది, 2025లో 16.4 లక్షలకు దిగింది. ఆ ఏడాదే చైనా కంపెనీ బీవైడీ 22 లక్షలకు పైగా పూర్తి విద్యుత్ కార్లు అమ్మి మొదటి స్థానాన్ని లాక్కుంది. 2023లో 1,500 కోట్ల డాలర్లుగా కనిపించిన లాభంలో 590 కోట్లు ఒక్కసారికి వచ్చిన పన్ను ప్రయోజనమే. దాన్ని పక్కన పెట్టినా 2024 నాటి 710 కోట్లు తగ్గుదలే. ఆ 710 కోట్లకు ఆసరాగా నిలిచిన వాటిలో కాలుష్య నియమాలు పాటించలేని ఇతర కార్ల కంపెనీలకు, పొగ లేని కార్లు తయారుచేసినందుకు తనకు దక్కిన క్రెడిట్లు అమ్మగా వచ్చిన 276 కోట్ల డాలర్లు ఉన్నాయి. 2025లో అమెరికా తెచ్చిన చట్టం ఇంధన పొదుపు నియమాలు మీరినందుకు వేసే జరిమానాను సున్నా చేసింది గనుక ఆ క్రెడిట్లకు గిరాకీ సన్నగిల్లుతుంది. విద్యుత్ కారు కొనేవారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

మంచి వైపు చెప్పకపోతే సమీక్ష ఏకపక్షమవుతుంది. 2024 చివరికి కంపెనీ వద్ద నగదు, స్వల్పకాలిక పెట్టుబడులు కలిపి 3,660 కోట్ల డాలర్లు ఉన్నాయి. మోడల్ 3 తయారీతో తంటాలు పడిన రోజుల్లో దివాలాకు నెల దూరం దాకా వెళ్ళామని మస్క్ స్వయంగా చెప్పిన కంపెనీకి ఇది గొప్ప మార్పు. విద్యుత్తును నిల్వచేసే భారీ బ్యాటరీల వ్యాపారం 2023లో 14.7 గిగావాట్ అవర్ల నుంచి 2024లో 31.4కు పెరిగింది. పగలు సౌర విద్యుత్తు మిగిలిపోయి, సాయంత్రం కొరత పడే దేశాలన్నింటికీ ఆ బ్యాటరీలు అవసరం. కార్ల గురించి ఇంత చర్చ జరిగే చోట ఈ విభాగం గురించి ఎవరూ అడగరు; షేరు మీద నాకు మిగిలిన కాస్త ఆసక్తి దీనివల్లనే.

వాగ్దానాల విషయానికి వస్తే, టెస్లా మాట పూర్తిగా తప్పుతుందనీ అనలేము, చెప్పిన వేళకు నిలబెట్టుకుంటుందనీ అనలేము. 2017 నవంబరులో చూపించిన సెమీ ట్రక్కు 2022 డిసెంబరులో మొదటి కొనుగోలుదారుకు చేరింది. 2019 నవంబరులో చూపించిన సైబర్‌ట్రక్ 2023 నవంబరు చివర బయటికి వచ్చింది. సెమీతో పాటు అదే వేదిక మీద చూపించి, 2020కి ఇస్తామన్న కొత్త రోడ్‌స్టర్ 2025 ముగిసినా రాలేదు. 2019 ఏప్రిల్‌లో మస్క్ మరుసటి ఏడాదికల్లా డ్రైవరు లేకుండా నడిచే పది లక్షల రోబోటాక్సీలు రోడ్ల మీద ఉంటాయన్నారు. అవి మొదలైంది 2025 జూన్ 22న, ఆస్టిన్ నగరంలో, కొద్దిపాటి కార్లతో, ముందు సీటులో పర్యవేక్షకుడిని కూర్చోబెట్టి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఇక్కడ పూర్తిగా వాడడం అన్యాయమే, ఎందుకంటే ఇప్పుడు ఆలు వచ్చింది. కాకపోతే షేరు ధర మాత్రం సోమలింగం ఉద్యోగంలో చేరి జీతం కూడా తెస్తున్నట్టుగా ఉంది.

ఎలాన్ మస్క్ వ్యక్తిత్వాన్ని తూచడం నా పని కాదు. ఆయన మీద ఆధారపడడంలో ఉన్న నష్టభయాన్ని మాత్రం చెప్పాలి. ఆయన సేవలపై తాము ఎంతగానో ఆధారపడి ఉన్నామని కంపెనీయే తన వార్షిక నివేదికలో రాస్తుంది. 2018 ఆగస్టులో షేరును (విభజనలకు ముందటి లెక్కలో) 420 డాలర్లకు కొని కంపెనీని ప్రైవేటు చేస్తానని, నిధులు సిద్ధమని ఆయన చేసిన ఒక్క ట్వీటు వల్ల అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ కేసు పెట్టింది. ఆయనా, కంపెనీ చెరి 2 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడ్డారు, ఆయన ఛైర్మన్ పదవి వదులుకున్నారు. 2022లో ట్విటర్ కొనుగోలు జరిగిన ఏడాది ఆయన అమ్మిన టెస్లా షేర్ల విలువ సుమారు 2,300 కోట్ల డాలర్లు. ఆ ఏడాది షేరు 65 శాతం పడింది. 2025 నవంబరులో, లక్ష్యాలన్నీ అందుకుంటే లక్ష కోట్ల డాలర్ల దాకా విలువైన షేర్లు ఆయనకు ఇచ్చే ప్రతిపాదనను 75 శాతానికి పైగా ఓట్లతో వాటాదారులు ఆమోదించారు. ఇంత వెల పెట్టి ఒక్క మనిషిని నిలుపుకోవలసి రావడం ఆ మనిషి గొప్పతనానికి గుర్తని కొందరంటారు. అమలాపురంలో అయినా ఆస్టిన్‌లో అయినా ఒకే మనిషి మీద నడిచే వ్యాపారానికి అప్పు ఇచ్చేముందు బ్యాంకు మేనేజరు మరో హామీదారుని అడుగుతాడని నేనంటాను.

మన రాష్ట్రంతో ముడిపడిన ఆశ ఒకటి ఉంది, దాన్నీ ఇక్కడే తేల్చాలి. 2024 అక్టోబరులో మంత్రి నారా లోకేశ్ ఆస్టిన్‌లో టెస్లా ఆర్థికాధికారి వైభవ్ తనేజాను కలిసినప్పటి నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ వస్తుందన్న మాట సిరిపురం కూడలి నుంచి గాజువాక దాకా వినిపించింది, దానితో పాటు షేరు కొనాలన్న ఉబలాటమూ పెరిగింది. దేశంలో కనీసం 4,150 కోట్ల రూపాయలు పెట్టుబడి పెట్టే కంపెనీకి ఏటా 8,000 విద్యుత్ కార్ల దాకా 15 శాతం సుంకంతో దిగుమతి చేసుకునే వీలు కల్పిస్తూ కేంద్రం 2024 మార్చిలో పథకం తెచ్చింది. అయినా టెస్లాకు ఇక్కడ తయారీ మీద ఆసక్తి లేదని, షోరూములు మాత్రమే తెరుస్తుందని కేంద్ర మంత్రి కుమారస్వామి 2025 జూన్‌లో స్పష్టంగా చెప్పారు. ఒకవేళ రేపు ఫ్యాక్టరీ వచ్చినా, మన పిల్లలకు ఉద్యోగాలు రావచ్చు, చుట్టుపక్కల భూములకు రెక్కలు రావచ్చు. లక్ష కోట్ల డాలర్లకు మించి విలువ కట్టిన షేరును అది కదిలించదు.

ఇక కొనే దారి, పన్నులు. సమీక్షల్లో దీన్ని రెండు వాక్యాల్లో దాటవేస్తుంటారు గానీ, మా దగ్గరకు వచ్చే చిక్కుముడులన్నీ ఇక్కడివే. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక నివాసి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతాన్ని టీసీఎస్ అనే ముందస్తు పన్నుగా బ్యాంకు ముందే వసూలు చేస్తుంది. రిటర్ను దాఖలు చేసినప్పుడు దాన్ని పన్నులో సర్దుకోవచ్చు లేదా వాపసు తీసుకోవచ్చు, కానీ అంతవరకు ఆ సొమ్ము మన చేతిలో ఉండదు. బ్రోకరేజీ లేదని యాప్ పెద్ద అక్షరాల్లో రాసుకున్నప్పటికీ, రూపాయిని డాలరుగా మార్చేటప్పుడు బ్యాంకు వేసుకునే తేడా, పంపినందుకు తీసుకునే రుసుము, దాని మీద జీఎస్టీ ఉంటాయి. పాతిక వేలు చొప్పున నెలనెలా పంపేవారికి ఈ ఖర్చు గట్టిగానే తగులుతుంది. అలాంటివారు మూడు నాలుగు నెలల మొత్తాన్ని కూడబెట్టి ఒకేసారి పంపడం మేలు. అప్పు మీద, మార్జిన్ మీద (అంటే ధరలో కొంతే చెల్లించి మిగతాది బ్రోకరు దగ్గర అప్పుగా తీసుకుని) కొనడానికి ఈ పథకం అనుమతించదు. ఇంత ఊగే షేరు విషయంలో ఆ నిషేధం మదుపరికి మేలే చేస్తుందని నా అభిప్రాయం.

షేరును 24 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, అంతకంటే ముందే అమ్మితే మన ఆదాయ శ్లాబు ప్రకారం పన్ను. లాభాన్ని రూపాయల్లో లెక్కగడతారు గనుక డాలరు పెరిగినందువల్ల వచ్చిన తేడా మీద కూడా పన్ను పడుతుంది. అన్నిటికంటే ఎక్కువమంది విస్మరించేది రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూలు. ఒక్క షేరు ఉన్నా, దాన్ని అమ్మకపోయినా, పైసా ఆదాయం రాకపోయినా దానిలో చూపించవలసిందే, అదీ ఆర్థిక సంవత్సరం ప్రకారం కాకుండా జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కించి. పింఛను మాత్రమే ఉన్న పెద్దలు ఏళ్ళ తరబడి దాఖలు చేస్తూ వచ్చిన సులభమైన ఐటీఆర్-1 ఫారం వారికి ఇక చెల్లదు. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు అవకాశం ఉంది. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షల లోపు ఉన్నవారికి ఆ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు, అంతమాత్రాన చూపించే బాధ్యత తొలగిపోలేదు.

పెద్ద వయసువారు మరో విషయం తెలుసుకోవాలి. అమెరికా పౌరుడూ నివాసీ కాని వ్యక్తి మరణిస్తే, అతని పేర ఉన్న అమెరికా ఆస్తుల విలువ 60,000 డాలర్లు దాటినప్పుడు అక్కడి ప్రభుత్వం వారసత్వ పన్ను వేస్తుంది. గరిష్ఠ రేటు 40 శాతం. అమెరికా కంపెనీ షేర్లు ఆ లెక్కలోకి వస్తాయి. ఈ చిక్కులన్నీ ఎందుకని కొందరు తల్లిదండ్రులు కొడుకు ఖాతాకు డబ్బు పంపి అక్కడే కొనిపిస్తుంటారు. అది బహుమతి అవుతుంది, పంపిన మొత్తం వారి వార్షిక పరిమితిలో కలుస్తుంది, షేర్లు చట్టరీత్యా కొడుకువే అవుతాయి. కుటుంబంలో అరమరికలు లేనంతకాలం అందులో తప్పేమీ లేదు, కానీ వృద్ధాప్యంలో ఆధారం కోసం దాచిన సొమ్మును ఇలా పంపవద్దని చెబుతుంటాను. యాప్ ద్వారా కొన్న షేర్లకు బ్రోకరు దివాలా తీస్తే 5 లక్షల డాలర్ల దాకా రక్షణ కల్పించే సంస్థ అమెరికాలో ఉంది. ప్రకటనల్లో ఆ సంగతి గొప్పగా చెబుతారు. ధర పడితే ఆ రక్షణ వర్తించదన్న సంగతిని అంత గొప్పగా చెప్పరు.

అమెరికా మార్కెట్ మన సమయం ప్రకారం వేసవిలో సాయంత్రం 7 గంటల నుంచి అర్ధరాత్రి ఒకటిన్నర వరకు, శీతాకాలంలో ఇంకో గంట ఆలస్యంగా నడుస్తుంది. కంపెనీ త్రైమాసిక ఫలితాలు అక్కడ మార్కెట్ ముగిశాక వస్తాయి, అంటే మనం నిద్రలో ఉన్నప్పుడు. తెల్లవారి లేచి కాఫీ తాగే వేళకు జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. అందుచేత దీన్ని రోజువారీ బేరం కోసం విశాఖలో కూర్చుని కొనడాన్ని నేను ఏ వయసువారికీ సిఫారసు చేయను.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఎన్ఎస్ఈ అంతర్జాతీయ ఎక్స్ఛేంజి 2022 మార్చిలో టెస్లాతో సహా ఎనిమిది అమెరికా కంపెనీల షేర్లకు బదులుగా కొని అమ్ముకోగల రసీదులు ప్రవేశపెట్టింది, కానీ అక్కడ లావాదేవీలు పలచన. అమెరికా మార్కెట్లోని వంద పెద్ద కంపెనీల నాస్‌డాక్ 100 సూచీని అనుసరించే భారతీయ ఫండులో వేస్తే టెస్లా కూడా వందలో ఒకటిగా మన చేతికి వస్తుంది. రూపాయల్లోనే కొనవచ్చు, డాలర్లు పంపనక్కరలేదు, విదేశీ ఆస్తుల షెడ్యూలు బెడద ఉండదు. విదేశీ పెట్టుబడుల మీద పరిశ్రమ మొత్తానికి ఉన్న 700 కోట్ల డాలర్ల పరిమితి వల్ల ఈ ఫండ్లు కొన్నిసార్లు కొత్త సొమ్ము తీసుకోవడం ఆపేస్తాయి, మార్కెట్లో వాటి యూనిట్లు అసలు విలువ కంటే ఎక్కువకు అమ్ముడవుతాయి. కొనేముందు ఆ తేడా చూసుకోవాలి. మన దేశంలోనే విద్యుత్ వాహనాల షేరు కావాలనేవారు ఓలా ఎలక్ట్రిక్ చరిత్రను ఒకసారి చదవాలి: 2024 ఆగస్టులో 76 రూపాయలకు వచ్చి, రెండు వారాల్లో 157ను తాకి, ఆ ఏడాది ముగియకముందే ఇష్యూ ధర కిందికి దిగింది. అది స్కూటర్ల కంపెనీ, ఇది కార్ల కంపెనీ. ఊగడంలో మాత్రం వరస కలుస్తుంది.

నా తీర్పు అడిగే మనిషిని బట్టి మారుతుంది. పదవీ విరమణ సొమ్ముతో వచ్చినవారికి, కూతురి పెళ్ళికో ఇంటికో రెండు మూడేళ్ళలో డబ్బు అవసరమైనవారికి ఈ షేరు వద్దనే చెబుతున్నాను, ఎంత చిన్న మొత్తమైనా సరే. జీతం ఉండి, అప్పుల్లేక, ఇప్పటికే సూచీ ఫండ్లలో క్రమంగా మదుపు చేస్తున్న ముప్పై ఏళ్ళ యువతీ యువకులు తమ మొత్తం పెట్టుబడిలో రెండు మూడు శాతానికి మించకుండా, నాలుగింట మూడు వంతులు పోయినా ఇంట్లో ఎవరికీ చెప్పుకోవలసిన అవసరం రానంత కొద్దిగా కొంటే నేను అడ్డుచెప్పను. ఆ పరిమితిని కొనేముందే కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే ధర సగమైనప్పుడు ఇంకొన్ని కొని సగటు కొనుగోలు ధర తగ్గించుకుందామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది, రెండు శాతం ఆరు శాతమవుతుంది.

నా సొంతానికి ఈ ధరలో విడిగా కొనడం లేదు. నాస్‌డాక్ ఫండు ద్వారా ఉన్న చిన్న వాటాతో సరిపెట్టుకున్నాను. నేను మళ్ళీ లెక్క వేసుకోవడానికి రెండు సంగతులు జరగాలి. పర్యవేక్షకుడు లేకుండా నడిచిన టాక్సీల కిరాయి ఎంతో త్రైమాసిక నివేదికలో ఒక విడి వరుసగా కనిపించాలి, క్రెడిట్ల అమ్మకాన్ని తీసివేసిన తరువాత కార్ల మీద మిగిలే లాభశాతం వరుసగా నాలుగు త్రైమాసికాలు పెరగాలి. ఆ రెండూ జరిగేసరికి షేరు ఇంకా పైకి వెళ్ళిపోతుందని మధురవాడ యువకులు నన్ను హెచ్చరిస్తూనే ఉన్నారు. వెళితే వెళ్ళనీ, అప్పటికి కొంచెం ఎక్కువ ధరకు కొనడానికి నాకు అభ్యంతరం లేదు.